నూనె స్టీరింగు

పందొమ్మిదివందల అరవైమూడో సంవత్సరం ఎండాకాలంలో మా ఆయన కుడి భుజం పట్టుకుపోయింది. ఇది మామూలుగా కథ రాయవలసిన విషయం కాదు. నల్గొండలో ఆ ఏడు చాలామందికి చాలా చోట్ల పట్టుకుపోయాయి. కానీ మా ఆయన భుజాన్ని నమ్ముకుని ఒక కారు ఉండేది.

ఆ కారు మా ఇంటికి వచ్చి అప్పటికి తొమ్మిదేళ్ళు. హైదరాబాదులో ఒక నవాబుగారి దేవిడీలో సామాను హర్రాజు వేస్తున్నారని తెలిసి, లా పుస్తకాల బీరువా కొనుక్కొస్తానని పోయిన మనిషి, సాయంత్రానికి కారు తోలుకుని వచ్చారు. బిలాయతీ బండి. ముక్కు పొడుగు, తోక పొట్టి, పైన కప్పు లేదు, రెండే సీట్లు. ఊళ్ళో దాన్ని 'టోపీలేని కారు' అనేవాళ్ళు. పందేల్లో ఉరకడానికి చేసిన బండట. నల్గొండలో మాత్రం గంటకు పది మైళ్ళకు మించి ఉరకలేదు. ముందు ఎప్పుడూ ఒక ఎడ్లబండి ఉండేది.

ఆ పొడుగు ముక్కు బరువంతా ముందు చక్రాల మీదే. నెమ్మదిగా పోతూ మలుపు తిరగాలంటే ఆయన పళ్ళు బిగించి, రొమ్ము ఆనించి, రెండు చేతులా స్టీరింగును లాగవలసిందే. కచేరీ సందులో తిరిగేటప్పుడు ఆయన ముఖం చూసినవాళ్ళు, వకీల్ సాబ్ ఇవాళ కేసు ఓడిపోయినట్టున్నారని అనుకునేవాళ్ళు.

అయినా ఆ బండి నాకిష్టం. ఎందుకో చెప్పాలంటే మా ఇంటి సంగతి చెప్పాలి. ఇంట్లో పదముగ్గురం. ఆయన ఇద్దరు తమ్ముళ్ళు, వాళ్ళ భార్యలు, అందరి పిల్లలు, అందరి మీదా మా అత్తమ్మ నర్సింగమ్మ. వంటింట్లో అన్న మాటకు వసారాలోంచి జవాబు వచ్చేది. నేను ఆయన్ను 'మంచినీళ్ళు కావాలా' అని అడిగితే ముగ్గురు 'కావాలె' అనేవాళ్ళు. ఆదివారం సాయంత్రం పానగల్లు దారిలో కారులో పోయివచ్చే గంటసేపే మేమిద్దరం మాట్లాడుకునేది. పెద్ద ప్రేమ ముచ్చట్లేం కావు. చిన్నవాడి దగ్గు, జడ్జిగారి చెవుడు, కందిపప్పులో ఈసారి వచ్చిన రాళ్ళు. కానీ మధ్యలో ఎవరూ జవాబు చెప్పేవాళ్ళు కాదు. దిగుడు రాగానే ఆయన ఇంజను బంద్ చేసేవారు, పెట్రోలు మిగులుతుందని. బండి చప్పుడు లేకుండా జారుతుంటే ఆయన గొంతు కూడా తగ్గేది. ఆ దిగుళ్ళలోనే మా ఇద్దరు పిల్లలకూ పేర్లు పెట్టుకున్నాం.

మార్చిలో మహబూబ్‌నగరు పోయి, మా పుట్టింటివాళ్ళ పెళ్ళిలో తడిబండల మీద జారి ఆయన ఆ భుజం మీదే పడ్డారు. చెయ్యి లేపొద్దు, బరువు లాగొద్దు అన్నాడు దవాఖానలో డాక్టరు.

"కారు?" అని అడిగారు ఆయన.

"ఏ కారు? టోపీలేనిదా?" డాక్టరు కాసేపు ఆలోచించాడు. "దానికంటె ఎడ్లబండి నయం."

నాలుగు ఆదివారాలు పోయాయి. అయిదో ఆదివారం భోజనాల దగ్గర పెద్ద మరిది విషయం తెచ్చాడు.

"అన్నా, గా బండిని అమ్మెయ్. పెద్దది కొందాం. డ్రైవర్‌ను పెడితె అయిపాయె. ఇంటిల్లిపాది కలిసి పోవచ్చు."

ఇంటిల్లిపాది అన్న మాట విని నా చేతిలో గంటె పులుసులోనే ఆగిపోయింది.

"అవ్ కొడుకా," అంది అత్తమ్మ. "ఇద్దరు పట్టేది గదేం బండి? మంచం మీదనన్న నలుగురం కూసుంటం."

"గీ బండికే డ్రైవర్‌ను పెడితె?" అన్నాడు చిన్న మరిది.

"మరి వదిన యాడ కూసుంటది?" అన్నాడు పెద్దవాడు.

"వదిన ఇంట్ల కూసుంటది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. చిన్న మరిది విస్తట్లో మాత్రం ఆ పూట పులుసు కొంచెం పలచగా పడింది. మా ఆయన నవ్వలేదు. ఎడమచేత్తో కుడిభుజం పట్టుకుని, కోర్టు సెలవులయి కచేరీలు తెరిచేలోగా ఏదో ఒకటి చేద్దామన్నారు. వకీళ్ళు 'ఏదో ఒకటి' అన్నారంటే ఏమీ తోచలేదని అర్థం.

అప్పుడు వచ్చాడు ఆజం. మిర్యాలగూడ దారిలో అతని రేకుల షెడ్డు ఉండేది. మా బండికి పెద్ద హకీము అతనే. నాగార్జునసాగరు డ్యాము పనుల్లో ఉన్న ఒక కంట్రాక్టరుదట, నావంత పొడుగు అమెరికా కారు, లారీ గుద్ది వెనక భాగం నుజ్జయి అతని షెడ్డుకు చేరింది. ముందు భాగం పెళ్ళికొడుకులా ఉందన్నాడు.

"దాంట్ల ఒక తమాషా ఉన్నది వకీల్ సాబ్. నూనె స్టీరింగు. ఇంజన్ తిరుగుతుంటె ఒక పంపు తిరుగుతది. పంపు నూనెను తోస్తది, నూనె చక్రాలను తోస్తది. మీరు ఊకె ఇషారా చేస్తె చాలు. ఒక్క వేలు. గంతే."

మా ఆయన వసారాలో కూర్చుని అతనికి గంటసేపు అడ్డప్రశ్నలు వేశారు. నూనె కారితే? పంపు చెడితే? బెల్టు తెగితే? అన్నిటికీ ఆజం దగ్గర జవాబుంది. చివరికి అసలు ప్రశ్న వచ్చింది.

"మన బండికి పెట్టాలంటె ఏం చెయ్యాలె?"

"ముందర జర కొయ్యాలె సాబ్."

"ఎంత?"

"జరంతే."

"నీ జర ఎంతుంటదో నాకెరుకే ఆజం. కోసినంక వద్దనుకుంటె మళ్ళ అతుకుతదా?"

ఆజం అబద్ధం చెప్పే మనిషి కాదు. చేతుల మీది గ్రీజును చూసుకుంటూ, "అతుకుతది సాబ్. కని అది గీ బండి గాదు," అన్నాడు.

"అంటే గుర్రానికి కళ్ళెం తీసేసి దారం కడతనంటవు."

"దారమైతె ఏంది? గుర్రం మాట వింటె చాలదా? మిరుగు లోపల, వానలు పడకముందె చెప్పుండ్రి. తర్వాత కంట్రాక్టరు మనుషులు బండిని హైదరాబాదు తీస్కపోతరు."

ఆయన ఎటూ తేల్చలేదు. వాకిట్లోకి పోయి మా బండి ముక్కు మీద చెయ్యేసి నిలబడ్డారు, ఆపరేషనుకు ఒప్పుకోవాలా వద్దా అని తేల్చుకోలేని రోగి చుట్టంలా.

నేను మాత్రం ఆ క్షణాన్నే తేల్చుకున్నాను. పెళ్ళయిన నాలుగో ఏట ఒకసారి, నేను తోలనా అని ఆయన్ను అడిగాను. ఆయన కోప్పడలేదు, ముద్దుగా నవ్వారు. "గా చక్రం నాకే మొండికేస్తది, నీ చేతులేడ ఆగుతయ్?" అన్నారు. కోఠీ కాలేజీలో బీయే చదివినదాన్ని, న్యాయం అనిపించి ఊరుకున్నాను. ఇప్పుడు ఒక్క వేలితో తిరుగుతుందట. నాకు పది ఉన్నాయి.

ఆజం భార్య ఖాతూన్ మా ఇంటి రవికలు కుట్టేది. కొలతకని పిలిచి, గుడ్డతో పాటు ఒక మాట కూడా ఇచ్చి పంపాను.

"మీ ఆయన్ను ఇంక సాబ్‌ను అడగొద్దను. ఊరికే ఒకసారి ఆ అమెరికా బండిలో కూర్చోబెట్టమను."

ఖాతూన్ నోట్లో సూది పెట్టుకుని నావైపు చూసింది. తరవాత సూది తీసి, "మీరు గూడ కూసుంటరా భాభీ?" అంది. ఖాతూన్‌కు కొలతలు తీయడం బాగా వచ్చు.

మే ఆఖరి వారంలో ఒక పొద్దున ఆ నావ మా ఇంటిముందు ఆగింది. నుజ్జయిన వెనక భాగానికి గోనెపట్టాలు కట్టి ఉన్నాయి. ముందు సీటు మా వసారా అరుగంత. ఆయన స్టీరింగు దగ్గర, నేను పక్కన, ఆజం వెనక గోనెపట్టాల మధ్య. నకిరేకల్లు మీదుగా పోయి కేతేపల్లి దాకా చూసి వద్దామన్నారు.

ఊరు దాటేసరికి ఆయన చిన్నపిల్లవాడైపోయారు. ఎడమ చూపుడువేలు ఒక్కటీ ఆనించి మలుపు తిప్పారు. కుడిచెయ్యి ఒళ్ళో విశ్రాంతిగా ఉంది.

"చూసినవా? పెరుగుల గంటె తిప్పినట్టున్నది!"

జన్మలో గంటె పట్టని మనిషి అన్నమాట ఎంతవరకు నమ్మాలో తెలియక తలాడించాను. నా వేళ్ళు మాత్రం ఒళ్ళో కదులుతున్నాయి.

నకిరేకల్లు దాటాక ఆ నవ్వు కొంచెం తగ్గింది.

"ఆజం, ఇప్పుడు రాయి మీద ఎక్కినమా?"

"ఎక్కినం సాబ్. పెద్దదే."

"నా చేతికి చెప్పనే లేదు." ఆయన వేలు తీసి చూసుకున్నారు. "మన బండి అయితె చెప్తది. ఏ గుంత, ఏ రాయి, అన్ని చెప్తది. గిది గూంగాది, నోరు లేనిది."

ఇంక వద్దంటారేమోనని నాకు భయం పట్టుకుంది. కేతేపల్లి దాటి మూసీ వైపు దారి దిగబోయే ముందు, ఆయన రోడ్డు మీంచి కళ్ళు తిప్పకుండానే అన్నారు.

"కోసెయ్ ఆజం."

"సాబ్?"

"మన బండిని కోసెయ్. ఏం జేస్తం? ఆదివారాలు పోతున్నయ్."

నా పది వేళ్ళ కోసం నేను చేసిన కుట్ర ఆయనకు తెలియదు. ఆయన మా గంట కోసం తన గుర్రాన్ని కోయిస్తున్నారు. చెప్పేద్దామనుకుని నోరు తెరిచాను కూడా.

అప్పుడే దిగుడు వచ్చింది.

మా జిల్లాలో కారు తోలేవాడెవడైనా దిగుడు కనబడితే చెయ్యి ఇంజను చావి మీదికి పోవలసిందే. పెట్రోలు కొనుక్కోవాలి, దిగుడు దేవుడిచ్చింది. ఆయన చెయ్యి కూడా తొమ్మిదేళ్ళ అలవాటున పోయింది. టక్కుమని చావి తిప్పారు. ఇంజను ఆగింది. గాలి తప్ప చప్పుడు లేదు. నావ కిందికి జారడం మొదలుపెట్టింది.

దిగుడు చివర, కుడివైపు బీడులోంచి ఒక గొర్ల మంద రోడ్డెక్కింది. నూటయాభై ఉంటాయేమో. గొంగడి తల మీద వేసుకుని, వాటి వెనక కాపరి.

ఆయన బ్రేకు తొక్కారు. బ్రేకు పట్టింది కానీ, ఏనుగును తోక పట్టుకుని ఆపినట్టు పట్టింది. పక్కకు తిప్పబోయారు. వేలితో తిరగలేదు. ఎడమచేత్తో తిరగలేదు. రెండు చేతులా పట్టుకున్నారు, భుజం కలుక్కుమన్నట్టుంది, ముఖం తెల్లబడింది.

"తిరుగుతలేదు," అన్నారు మెల్లగా. ఇంట్లో మంచినీళ్ళు లేవని చెప్పినట్టు చెప్పారు.

నేనేం చేశానో తరవాత గుర్తు చేసుకుని చెబుతున్నాను. ఆయన మీదికి ఒరిగి, స్టీరింగు పై అంచు రెండు చేతులా పట్టుకుని, కాలు ఎదుటి రేకుకు తన్నిపెట్టి నావైపు లాగాను. మొదట కొండను లాగినట్టుంది. తరవాత కొండ కదిలింది. నావ రోడ్డు దిగి, జొన్న కొయ్యకాళ్ళ చేలో పడి, కుదిలించుకుంటూ ఇరవై గజాలు పోయి నిలబడింది. గొర్లు మావైపు చూడనైనా చూడకుండా రోడ్డు దాటిపోయాయి.

దుమ్ము తగ్గాక కాపరి దగ్గరికి వచ్చాడు. పేరు బీరప్పట. బండి చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఏంది సారూ, గొర్లు రోడ్డు మీద, కారు చేన్ల! అదలుబదలు అయినట్టున్నరు."

వెనకాల గోనెపట్టాల్లోంచి ఆజం బయటపడి నెత్తి కొట్టుకుంటున్నాడు. "చావి తీసిండ్రా సాబ్? యా అల్లా! ఇంజన్ బంద్ అయితె పంపు బంద్. పంపు బంద్ అయితె గా నూనెనంత మీరే తొయ్యాలె!"

"నువ్వు చెప్పలే."

"మీరు అడగలే! కారితె, చెడితె, తెగితె, అన్ని అడిగిండ్రు. గిదొక్కటి అడగలే."

వకీలుకు ఇంతకంటే అవమానం లేదు. "అయితె ఇప్పుడిది మన బండి స్టీరింగంత బరువుంటదా?" అన్నారు.

"దాని కంటె రెండింతలు! ఇద్దరు పహిల్వాన్లు గావాలె. మరి మీరు గా భుజంతోటి ఎట్ల తిప్పిండ్రు?"

"సారు తిప్పలే," అన్నాడు బీరప్ప, కర్ర మీద గడ్డం ఆనించి. "అమ్మ తిప్పింది. నేను చూసిన."

నేను చేతులు కొంగులో దాచుకున్నాను. సాక్షి అబద్ధమాడడం లేదని ఆయనకు తెలుసు. నావైపు చూశారు. బీరప్పా, దారినపోయే ఇంకో నలుగురూ తోస్తే నావ రోడ్డెక్కింది. వచ్చేటప్పుడు ఆజం తోలాడు. దారిపొడుగునా ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు.

మర్నాడు పొద్దున నేను చల్ల చిలుకుతుంటే, వాకిట్లోంచి "ఇగో," అని పిలిచారు. పోయాను. బండి మీది గుడ్డ తీసి ఉంది. కుడివైపు తలుపు తెరిచి పట్టుకుని నిలబడ్డారు.

"ఆజంకు వద్దని చెప్పిపంపిన," అన్నారు. "ఎక్కు."

నేను అలవాటుగా ఎడమవైపుకు నడిచాను. ఆయన తలుపు వెయ్యలేదు, కదలలేదు. తిరిగి వచ్చి, కుడివైపు ఎక్కాను.

పంటలు లేని రోజులు కాబట్టి ఊరి బయట కళ్ళాలన్నీ ఖాళీ. రోజూ పొద్దున్నే అక్కడ నా చదువు. ఆయన చెప్పే పద్ధతి కచేరీ పద్ధతి.

"క్లచ్చు మీద కాలున్నదా, లేదా?"

"ఉన్నది కానీ..."

"కానీ లేదు. ఉన్నదా, లేదా?"

"ఉన్నది."

"మరి బండెందుకు ఎగురుతాంది?"

"సాక్షికి తెలియదు," అన్నాను.

నాలుగో రోజుకు నా చేతులు పైకి లేవలేదు. మధ్యాహ్నం అన్నం గిన్నె దించబోతే జారింది. అత్తమ్మ చూసింది. ఆ నాలుగు రోజులూ ఆమె నాతో ఒక్కమాట మాట్లాడలేదు. ఇవాళ మాట్లాడుతుంది అనుకుని తలవంచుకున్నాను. ఆమె గిన్నె తను దించి, పొయ్యి మీద ఆముదం వెచ్చచేసి, నా ముందు చతికిలబడి, నా చెయ్యి లాక్కుని ఒళ్ళో పెట్టుకుంది. మోచేతి నుంచి మణికట్టు దాకా బొటనవేలితో నొక్కుతూ దించింది. ప్రాణం పోయింది, వచ్చింది.

"ఇసుర్రాయి తిప్పినోళ్ళకు గా చక్రమెంత బిడ్డా," అంది. "నాలుగొద్దులైతె నొప్పి పోతది. ఏదీ, రెండోది తే."

వసారాలోంచి పెద్ద మరిది గొంతు వినిపించింది, పెద్దకారు సంగతేమయిందని. అత్తమ్మ తల తిప్పకుండానే కేకేసింది.

"అమ్ముడు లేదు గిమ్ముడు లేదు! నీకు పెద్దకారు గావాలంటె బస్సెక్కు. మస్తు పెద్దగుంటది."

ఆజం వారం రోజులు అలిగాడు. తరవాత తనే వచ్చి, కీళ్ళకు గ్రీజు పెట్టి, స్టీరింగు మీద పట్టు జారకుండా మేకతోలు కుట్టి పోయాడు. కుట్టింది ఖాతూనే అని కుట్టు చూసి కనిపెట్టాను. బజారులో కొన్నాళ్ళు నవ్వుకున్నారు. కచేరీలు తెరిచిన రోజు బార్ రూములో ఒక పెద్ద వకీలుగారు, "ఏమండీ, మిమ్మల్ని ఆడమనిషి తోలుకుపోతున్నదట?" అని అడిగారట. "అవునండీ. మిమ్మల్ని ఎవరూ తోలుకుపోతలేరా, పాపం?" అన్నారట మా ఆయన. ఇది ఆయన నాకు చెప్పలేదు. గుమాస్తా భార్య చెప్పింది.

మిరుగు పోయాక మొదటి ఆదివారం. రెండు వానలు పడి నేల మెత్తబడింది. సాయంత్రం నాలుగున్నరకు బయలుదేరాం. కచేరీ సందు మలుపులో పళ్ళు బిగించాను, రొమ్ము ఆనించాను, లాగాను. తిరిగింది. గుంత గుంతా నా చేతికి చెప్పింది. ఊరు దాటి పానగల్లు దారి పట్టేదాకా నేను ఊపిరి తీసుకున్నానో లేదో గుర్తు లేదు.

ఆయన ఈసారి కందిపప్పు సంగతి కూడా ఎత్తలేదు. భుజం నొప్పేమో అనుకున్నాను. నా తోలుడు నచ్చలేదేమో అనుకున్నాను. చివరికి ఆయనే అన్నారు.

"గా చెవి కింద గీతేంది?"

"ఏ గీత?"

"గిదో. చెవి కింది నుంచి దవడ దాంక."

"అదా! చిన్నప్పటిది. మహబూబ్‌నగరులో, సీతాఫలాలకని గుట్టెక్కి జారిపడ్డాను. ఎనిమిదేళ్ళుంటాయి."

"కుట్లేసిండ్రా?"

"మూడు."

"ఏడ్చినవా?"

"లేదు. సీతాఫలం వదల్లేదు."

"పదకొండేండ్లాయె మన పెండ్లయి. నేనెప్పుడు చూడలే."

"మీరెప్పుడూ నాకు కుడివైపే కదా కూర్చున్నారు. ఈ చెంప మీకు కనబడేది కాదు. పైగా తోలుతూ దారి చూసేవారు."

"ఇంట్ల?"

"ఇంట్లో పదముగ్గురం."

ఎదురుగా ఒక ఎడ్లబండి వస్తోంది. పక్కకు తప్పించి, మళ్ళీ దారి మధ్యకు తెచ్చాను. చెంప వెచ్చబడింది. ఆయన అటే చూస్తున్నారని, తిరిగి చూడకుండానే తెలుస్తోంది.

"దారి చూడండి," అన్నాను.

"దారి నువ్వు చూస్తున్నవు గద," అన్నారు ఆయన.